పళ్ల చదువు వేరుపడింది ఎక్కడ?

పళ్ల డాక్టరు అసలు డాక్టరేనా అన్న గొడవ మళ్లీ మొదలైంది. సీట్ల కాలం వస్తే చాలు, ఎక్కడో ఒకచోట ఇది రాజుకుంటుంది. ఈసారి ఇంకో అడుగు ముందుకెళ్లి, దంతవైద్యానికి వేరే కోర్సు దేనికి, అందరూ ముందు వైద్యమే చదివితే కళ్లకూ చెవులకూ ఉన్నట్టే పళ్లకూ ఒక స్పెషాలిటీ పెట్టుకోవచ్చు కదా అంటున్నారు. ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలకు ఇది ఉత్త మాటల తగవు కాదు. ఎన్నేళ్లు చదవాలి, పనిముట్టు చేతికి ఎప్పుడొస్తుంది అన్నవి దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

మంగళ్లు పళ్లు పీకిన రోజులు, 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ ఫోషార్ పళ్ల వైద్యం మీద రాసిన పుస్తకం, ఇవన్నీ పదేపదే విన్నవే. వదిలేద్దాం. అసలు ముడి 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పడింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో మేరీలాండ్ శాసనసభ అనుమతితో హొరేస్ హేడెన్, చాపిన్ హారిస్ కలిసి అక్కడ దంతవైద్య కళాశాల పెట్టారు. పళ్ల వైద్యం కోసమే పుట్టిన మొదటి కాలేజీగా దాన్నే చెబుతారు. మొదటి బ్యాచ్‌లో చేరింది ఐదుగురు, మరుసటి ఏడాది పట్టా పుచ్చుకున్నది ఇద్దరు.

వేరు కుంపటి ఎందుకు? పళ్ల చదువూ చెప్పమని వైద్య కళాశాల వాళ్లను అడిగితే మాకక్కర్లేదని తిప్పి పంపేశారన్నది దంతవైద్యులు తరతరాలుగా చెప్పుకునే కథ. ఉపన్యాసాల్లో బాగా పండుతుంది గానీ, గట్టి కాగితపు ఆధారం మాత్రం చరిత్రకారులకు దొరకలేదు. పైగా కొత్త కాలేజీ మొదటి నలుగురు ప్రొఫెసర్లలో బాండ్, బాక్స్‌లీ ఇద్దరూ వైద్యులే. వైద్యులతో పగతో పుట్టిన కాలేజీ అయితే వాళ్లకు అక్కడ కుర్చీ ఎందుకు వేస్తారు?

నాకు సబబుగా తోచేది రెండో కథ. అప్పట్లో అమెరికాలో వైద్య పట్టా అంటే, ఒక డాక్టరు దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకుని, కొద్ది నెలల ఉపన్యాసాలు రెండు దఫాలు వినడం. రెండో ఏడు విన్నవి చాలావరకు మొదటి ఏడు విన్నవే. పళ్ల పని అలా వింటే వచ్చేది కాదు. పుచ్చిన భాగాన్ని తొలిచి, ఉమ్మి తడి తగలకుండా ఆరబెట్టి, పల్చటి బంగారు రేకును కొంచెం కొంచెంగా కూరుతూ గట్టిగా అదమాలి. కాస్త వదులైతే లోపల మళ్లీ పుచ్చుతుంది. నోటి అచ్చు తీసి కట్టుడు పళ్లు అమర్చడం ఇంకో పెద్ద పని. ఇదంతా చేయి తిరగడానికి బల్ల, పనిముట్లు, పక్కన నిలబడి తప్పు చూపించే గురువు కావాలి.

అలా విడిపోవడం వల్ల నష్టం లేదని కాదు. అది బయటపడింది 1965లో. అమెరికాలో వృద్ధులకు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా తెచ్చిన చట్టం పళ్ల చికిత్సను, పళ్లు నింపడాన్ని, పీకడాన్ని, కొత్తవి కట్టడాన్ని పేరు పెట్టి మరీ మినహాయించింది. పళ్ల చదువు వైద్యంలో విలీనం కావాలనేవాళ్లు దీన్నే చూపిస్తారు. ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిందని కూడా గుర్తుచేస్తారు. రెండూ నిజమే. కానీ ఆ మినహాయింపు రాసింది చట్టసభ, కాలేజీ సిలబస్ కాదు.

విలీనం ఆలోచనా కొత్తదేం కాదు. 1926లో అమెరికాలో చదువుల మీద పనిచేసే కార్నెగీ ఫౌండేషన్ కోసం విలియం గీస్ నివేదిక ఇచ్చాడు. ఆయన దంతవైద్యుడు కాదు, జీవరసాయన శాస్త్రవేత్త. దంతవైద్యం విశ్వవిద్యాలయంలోనే ఉండాలి, వైద్యంతో సమాన స్థాయి ఉండాలి, కానీ విడిగానే నడవాలి అన్నాడు. ఇటలీ, స్పెయిన్, ఆస్ట్రియాలు మాత్రం చాలాకాలం రెండో దారిలో నడిచాయి. అక్కడ ముందు వైద్య పట్టా, ఆ తర్వాతే పళ్లు. 1978లో యూరోపియన్ ఆర్థిక సమాజం (ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు ముందు రూపం) దంతవైద్యానికి కనీసం ఐదేళ్ల ప్రత్యేక చదువు ఉండాలని నిబంధన పెట్టాక, ఒకదాని వెనక ఒకటి ఆ మూడూ విడి కోర్సుకే మారాయి.

ఇప్పుడు విలీనం అడిగేవాళ్ల మాటల్లో ఈ మూడు దేశాల ప్రస్తావన రావడం లేదు. రెండూ కావాలనుకునేవాళ్లకు దారి ఎటూ ఉంది. బ్రిటన్‌లో నోటి, దవడ శస్త్రచికిత్స నిపుణులు కావాలంటే సాధారణంగా వైద్య పట్టా, దంతవైద్య పట్టా రెండూ తెచ్చుకోవాల్సిందే. మామూలు పిప్పి పన్నుకు అంత చదువు దేనికో విలీనవాదులే చెప్పాలి.