జీను లేని గుర్రం మీద వచ్చినవాడు

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. మన మంచి రోజుల్లో పక్కనున్నవాళ్లలో చెడ్డ రోజుల్లో ఎవరు మిగులుతారో ముందుగా తెలుసుకోవడం ఎలాగని మీలో పెద్దమ్మాయి అడిగింది. ముందుగా తెలియదమ్మా. ఎందుకు తెలియదో చెప్పడానికి గోల్కొండ ముట్టడిని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

1687లో ఔరంగజేబు గోల్కొండను చుట్టుముట్టాడు. కోటలో ఉన్న సుల్తాను అబుల్ హసన్ తానీషా, భద్రాచల రామదాసు కథలో మీరు విన్న తానీషాయే. ఆయన మంత్రులు అక్కన్న, మాదన్నలు అప్పటికే హతులయ్యారు. ముట్టడి దాదాపు 8 నెలలు సాగింది. వానలకూ తిండి కొరతకూ మొఘల్ సేన అల్లాడిపోయింది. గోడ కింద పెట్టిన మందుపాతరలు పేలి వాళ్ల సైనికులనే బలిగొన్నాయి. బలంతో కానిది డబ్బుతో అవుతుందని తేలాక, తానీషా సర్దారులు పదవులకు ఆశపడి ఒక్కొక్కరే అవతలి పక్షానికి వెళ్లిపోయారు. చివరికి పేరున్నవాళ్లలో ఇద్దరే మిగిలారని ఆ కాలపు చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాశాడు. ఒకడు అబ్దుల్లా ఖాన్ పానీ, రెండోవాడు అబ్దుల్ రజాక్ లారీ.

ఈ ఇద్దరి సంగతే మీరు శ్రద్ధగా గమనించాలి. ఇద్దరూ ఒకే యజమాని ఉప్పు తిన్నారు, ఒకే కోటలో అన్ని నెలలూ ఫిరంగి దెబ్బలు కాచుకున్నారు, ఇద్దరికీ ఔరంగజేబు నుంచి కబుర్లు వచ్చాయి. లారీకి 6000 మన్సబు, అంటే మొఘల్ కొలువులో పెద్ద హోదా, ఇస్తానని వచ్చిన ఫర్మానాను (రాజాజ్ఞ పత్రాన్ని) అతను తన బురుజు మీదున్న సైనికులందరికీ చూపించి, వాళ్ల ఎదుటే ముక్కలుగా చించేశాడు. పానీ మాత్రం లోలోపల బేరం కుదుర్చుకుని, సెప్టెంబరులో ఒక రాత్రి దిడ్డి వాకిలి తెరిపించాడు. ఆ ముందురోజు ఇద్దరినీ పక్కపక్కన చూసినవాడెవడూ తేడా కనిపెట్టి ఉండడు.

శత్రువు లోపలికి వచ్చాడన్న కేక వినగానే లారీ జీనైనా వేయకుండా గుర్రమెక్కి, పది పన్నెండుమంది అనుచరులతో వాకిలి వైపు దూసుకుపోయాడు. అనుచరులు చెదిరిపోయారు, అతను ఒంటరిగానే పోరాడాడు. నుదుటి చర్మం తెగి కళ్ల మీదికి వేలాడుతుంటే దారి కనిపించక కళ్లేలు వదిలేశాడు. గాయపడ్డ ఆ గుర్రమే అతన్ని నగీనా బాగ్ అనే తోటలోని కొబ్బరిచెట్టు దగ్గరికి చేర్చింది. ఒంటిమీద సుమారు 70 గాయాలు ఉన్నాయట. గెలిచిన ఔరంగజేబే వైద్యులను పంపి అతన్ని బతికించాడు. కాస్త మాట వచ్చాక కూడా లారీ, అబుల్ హసన్ ఉప్పు తిన్నవాడు మరొకరి కొలువులో చేరలేడని కబురు పంపాడు.

అతను గోల్కొండను కాపాడలేకపోయాడు. తానీషా దౌలతాబాదు కోటలో బందీగానే కన్నుమూశాడు. అంచేత ఫలితం చూసి విశ్వాసాన్ని తూచకండి. పక్షం మారితే లాభం ఖాయమై, మారినందుకు తప్పుపట్టేవారు కూడా దాదాపు లేనప్పుడు మనిషి ఏం చేశాడన్నదే లెక్క. స్నేహితుడు ఫస్టు వచ్చినప్పుడు చుట్టూ పదిమంది ఉంటారు. తప్పినప్పుడు వాడి పక్కన కూర్చుంటే నలుగురూ మనల్ని కూడా తక్కువగా చూస్తారేమోనన్న భయం పుడుతుంది. ఆ భయం ఉన్నా కూర్చోగలగాలి. అలాగని వాడు అబద్ధమాడితే వంత పాడమని నేను అనడం లేదు. తప్పు మొహం మీదే చెప్పి, పక్కనే ఉండవచ్చు.

ఒక సంగతి మీ దగ్గర దాచను. కొంతకాలానికి లారీ మొఘల్ కొలువు ఒప్పుకుని కొంకణంలో ఫౌజుదారుగా, అంటే సైన్యంతో ప్రాంతాన్ని కాచే అధికారిగా, పనిచేశాడు. ఇది అతని కీర్తికి మచ్చ అనేవారున్నారు. నాకు అలా అనిపించదు: కాపాడడానికి కోట లేదు, తానీషా తరఫున పట్టడానికి కత్తి లేదు, చేయవలసింది ఉన్నప్పుడు అతను ప్రాణం అడ్డుపెట్టి చేశాడు. యజమాని చెరలో బతికే ఉండగా అలా చేరడం సరేనా అని పెద్దమ్మాయి తప్పకుండా అడుగుతుంది. మీరందరూ మాట్లాడుకుని, మీకు ఏది న్యాయమనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య