తేనెపిట్టకు రంగు చూసి పేరు పెట్టొద్దు

అపోహ: నల్లగా మెరిస్తే మగ, పసుపుగా ఉంటే ఆడ.

పక్షుల లెక్కల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే దొర్లుతాయి. పర్పుల్ సన్‌బర్డ్ అనే తేనెపిట్టలో మగది పిల్లలను పెంచే కాలం అయ్యాక ముదురు ఈకలు రాల్చి, ఆడదానిలా పసుపు పొట్టతో తిరుగుతుంది. దీన్నే ఎక్లిప్స్ అంటాం. అప్పుడు గడ్డం నుంచి పొట్ట దాకా మధ్యలో ఒక నల్లటి చార మిగులుతుంది, రెక్కలు నల్లగానే ఉంటాయి. చార ఉంటే ఆడది కాదు. "మగపిట్ట వెళ్లిపోయింది, ఆడది ఒంటరిదైంది" అని బెంగపడేవాళ్లకు చెప్పేదీ అదే: అది ఎక్కడికీ పోయి ఉండకపోవచ్చు, కొమ్మ మీదున్నది అదే కావచ్చు, ఒకసారి గొంతు చూడండి.

మగదాని ముదురు ఈకల మీది నీలి మెరుపు రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు. ఈకలోని సన్నని పొరల మీద వెలుగు పడితేనే వస్తుంది. నీడలో అదే పిట్ట కాకి నలుపు. అందుకే ముందు ముక్కు చూడాలి. తల కంటే బాగా పొడవుగా, కొడవలిలా వంగి ఉంటే అది లోటెన్స్ సన్‌బర్డ్ అనే మరో తేనెపిట్ట. పొట్టిగా, కొద్దిగా వంగితే పర్పుల్. ముక్కు పొడవు పక్క నుంచి తీసిన ఫోటోలోనే తెలుస్తుంది; ఎదురుగా తీస్తే రెండూ ఒకటే. ఆకాశం వెనకుంటే ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచండి, లేకపోతే గొంతు మీది చార కూడా నలుపులో కలిసిపోతుంది.

ఆడవాటిలో గొంతు తెల్లగా, రొమ్ము పసుపుగా ఉంటే పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్ (ఊదా నడుము తేనెపిట్ట). గొంతు నుంచి పొట్ట దాకా ఒకే పసుపైతే పర్పుల్ లేదా లోటెన్స్. మళ్లీ ముక్కే తేల్చాలి. పేరులో ఉన్న ఊదా నడుము కోసం మాత్రం కాచుక్కూర్చోవద్దు, అది మగదానికే ఉంటుంది. తేలకపోతే "తేనెపిట్ట, జాతి తెలియదు" అని రాసుకోండి. ఊహించి రాసిన పేరు కంటే అది పనికొచ్చే రికార్డు.

అపోహ: ఇది హమ్మింగ్ బర్డ్.

కాదు. హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి, వాటి దగ్గరి చుట్టాలు స్విఫ్ట్‌లు. తేనెపిట్టలది పాటపక్షుల వర్గం, నెక్టరినిడే కుటుంబం. ఇది కూడా పువ్వు ముందు కాసేపు గాలిలో నిలబడగలదు గానీ, మామూలుగా కొమ్మ పట్టుకునే తాగుతుంది.

అపోహ: పర్పుల్ సన్‌బర్డ్ శాస్త్రీయ నామం పాత పుస్తకంలో నెక్టరినియా, కొత్తదాంట్లో సిన్నైరిస్ ఏషియాటికస్, కాబట్టి రెండు జాతులు.

పిట్ట ఒకటే, ప్రజాతి (పేరులోని మొదటి మాట) మారింది. 1790లో పక్షి శాస్త్రవేత్త లాథమ్ పెట్టిన "ఏషియాటికా" మాత్రం అలాగే ఉంది, ప్రజాతిని బట్టి చివర మారి "ఏషియాటికస్" అయింది.