మొజార్ట్: మా పియానో క్లాసుకు వచ్చే అపోహలు, అసలు వాస్తవాలు

పియానో నేర్పడం నా పని. 18వ శతాబ్దపు ఆస్ట్రియా సంగీతకర్త మొజార్ట్ గురించి ఏదో ఒకటి వినకుండా మా క్లాసుకు వచ్చేవాళ్లు తక్కువ. వాటిలో కొన్ని పిల్లల సాధననే దెబ్బతీస్తున్నాయి.

అపోహ: రాగమంతా తలలోనే తయారయ్యేది, ఒక్క కొట్టివేత లేకుండా రాసేసేవాడు.

వాస్తవం: ఈ మాట పాకడానికి పెద్ద కారణం 1815లో ఒక జర్మన్ సంగీత పత్రికలో ఆయన పేరుతో అచ్చయిన ఉత్తరం. అది ఆయన రాసింది కాదని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. ఆయన చిత్తు రాతలు చాలా పోయాయి, అయినా వందల్లో మిగిలాయి. తోటి సంగీతకర్త హేడన్‌కు అంకితమిచ్చిన ఆరు స్ట్రింగ్ క్వార్టెట్లు (నాలుగు తీగవాద్యాల రచనలు) రాయడానికి ఆయనకు రెండేళ్లకు పైనే పట్టింది. 1785లో అవి అచ్చయినప్పుడు, ఇవి సుదీర్ఘ శ్రమకు ఫలమని తనే రాసుకున్నాడు. ఆ రాతప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, నిండా దిద్దుబాట్లే. "నాకు టాలెంట్ లేదు సార్" అని కళ్లనీళ్లు పెట్టుకునే పిల్లలకు నేను ముందు చూపించేది ఆ పేజీల ఫొటోలే.

అపోహ: తోటి సంగీతకర్త సాలియేరి మొజార్ట్‌ను విషం పెట్టి చంపాడు.

వాస్తవం: దీనికి ఆధారం లేదు. 1791 అక్టోబరులో సాలియేరిని తన 'మ్యాజిక్ ఫ్లూట్' ఒపేరాకు (పాటలతో నడిచే నాటకం) తీసుకెళ్లాననీ, ఆయన ప్రతి పాటకూ బ్రావో అన్నాడనీ మొజార్ట్ తన భార్యకు సంబరంగా రాశాడు. తర్వాత మొజార్ట్ చిన్నకొడుక్కి పాఠం చెప్పిన గురువుల్లో సాలియేరి కూడా ఉన్నాడు.

అపోహ: పసిపిల్లలకు మొజార్ట్ సంగీతం వినిపిస్తే తెలివి పెరుగుతుంది.

వాస్తవం: ఈ మాటకు మూలమైన 1993 నాటి పరిశోధన జరిగింది 36 మంది కాలేజీ విద్యార్థుల మీద. మొజార్ట్ రెండు పియానోల సొనాటాను (కొన్ని భాగాలుండే వాద్యరచన) పది నిమిషాలు వినిపిస్తే, మడిచి కత్తిరించిన కాగితం విప్పితే ఎలా ఉంటుందో ఊహించడంలాంటి పజిళ్లలో కాస్త మెరుగయ్యారు. అదీ పావుగంటకు మించి నిలవలేదు. పాపకు వినిపించండి, తప్పకుండా. హాయిగా ఉంటుంది, అది చాలదా?

అపోహ: సి మేజర్ సొనాటా (మొజార్ట్ రచనల జాబితాలో కె. 545) పిల్లల పాఠం, తేలిక.

వాస్తవం: 1788లో దీన్ని తను సొంతంగా రాసుకునే జాబితాలో ఎక్కిస్తూ 'కొత్తగా నేర్చుకునేవారికి' అని మొజార్టే రాశాడు, నిజమే. స్వరాలు తేలికే. కానీ తప్పులు దాక్కోవడానికి చోటుండదు. ఎడమచేయి మన లెక్కలో స-ప-గ-ప అంటూ తిరుగుతుంటుంది. పైన కుడిచేయి పాడాలి. దాదాపు ప్రతి విద్యార్థికీ బొటనవేలు పడే ఆ 'ప' గట్టిగా మోగి, పాటను మింగేస్తుంది. ఐదో బార్ (తాళం ఆవృతంలాంటి కొలత) నుంచి కుడిచేతికి స్వరాల పరుగు మొదలవుతుంది, బొటనవేలు కిందనుంచి దాటే చోట ఒక్క స్వరం తడబడినా అందరికీ తెలిసిపోతుంది. అందుకే మొదటి వారమంతా ఎడమచేయి ఒక్కటే వాయించమంటాను, పక్కగదిలో పడుకున్న పాప లేవనంత మెల్లగా. కుడిచేయి ఆ తర్వాతే.