టర్కీ నుంచి తుర్కియే దాకా: ఒక పక్షి మోసిన పేరు

2022 జూన్ మొదటి వారంలో ఐక్యరాజ్య సమితి తన రికార్డుల్లో ఒక సభ్య దేశం పేరును మార్చింది. అప్పటి విదేశాంగ మంత్రి మెవ్లూత్ చావుషోలు సెక్రటరీ జనరల్ ఆంటోనియో గుటెరస్‌కు రాసిన లేఖ అందిన క్షణం నుంచే ‘టర్కీ’కి బదులు ‘తుర్కియే’ అమల్లోకి వచ్చిందని సమితి ప్రతినిధి ప్రకటించారు. అంతకు ఆరు నెలల ముందు, 2021 డిసెంబరులో, ఎగుమతి సరుకుల మీద కూడా ‘మేడ్ ఇన్ తుర్కియే’ అనే ముద్రించాలని అధ్యక్షుడు ఎర్దొవాన్ ఉత్తర్వు ఇచ్చి ఉన్నారు. తమ జాతి సంస్కృతిని, నాగరికతను ఆ మాటే సరిగా చూపుతుందని ఉత్తర్వు చెప్పింది. అయితే అసలు నొప్పి ఎక్కడుందో ఆ దేశపు ప్రభుత్వ ప్రసార సంస్థ టీఆర్‌టీ వరల్డ్ దాచుకోలేదు: ఇంటర్నెట్‌లో తమ దేశం పేరు వెతికితే అమెరికాలో పండుగకు వండుకునే ‘టర్కీ’ అనే పెద్ద కోడి బొమ్మలు వస్తున్నాయని, ఇంగ్లిష్ నిఘంటువు తెరిస్తే అదే మాటకు ఘోరంగా విఫలమైనది, తెలివితక్కువ మనిషి అన్న అర్థాలు కనిపిస్తున్నాయని రాసింది.

ఈ ఫిర్యాదు న్యాయమైనదే. 1923 అక్టోబరు 29న గణతంత్రం ఏర్పడినప్పటి నుంచీ ఆ ప్రజలు తమ దేశాన్ని తుర్కియే అనే పిలుచుకుంటున్నారు కాబట్టి, వారు కొత్త పేరు పెట్టుకోలేదు, ఉన్న పేరుతోనే పిలవమన్నారు. కానీ దేశానికి పక్షి పేరు పెట్టారన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. తుర్కుల నేలను ఆ పేరుతో పిలవడం ఐరోపాలో మధ్యయుగాల నాటిది. 14వ శతాబ్దపు ఆంగ్ల కవి చాసర్ రాతలోనే ఆ దేశం పేరు ఉంది. అప్పటికి ఆ పక్షిని ఇంగ్లండులో ఎవరూ చూసి ఉండరు, ఎందుకంటే అది అట్లాంటిక్‌కు అవతల మెక్సికోలో ఉంది.

అక్కడి ప్రజలు దాన్ని 2,000 ఏళ్ల కిందటికే మచ్చిక చేసుకున్నారు. నహువా భాషలో దాని పేరు ‘వెషోలోత్’. దాని నుంచి వచ్చిన ‘గ్వాహొలోతె’ అన్న మాట మెక్సికోలో ఇవాళ్టికీ వాడుకలో ఉంది. 16వ శతాబ్దం తొలి దశకాల్లో స్పానిష్ నావికులు ఈ పక్షిని స్పెయిన్‌కు తెచ్చారు. 1550 నాటికి యార్క్‌షైర్‌కు చెందిన విలియం స్ట్రిక్లాండ్ అనే వ్యక్తి తన వంశ చిహ్నంలో దీని బొమ్మను చేర్చుకున్నాడు.

మరి తుర్కుల పేరు దీనికి ఎలా అంటింది? ఆ కాలంలో తూర్పు మధ్యధరా రేవుల నుంచి సరుకు తెచ్చే వర్తకులను ఇంగ్లండులో ‘టర్కీ వర్తకులు’ అనేవారు. ఆఫ్రికాలో పుట్టిన గిన్నీ కోడి ఆ దారినే ఐరోపాకు చేరి ‘టర్కీ కోడి’ అయింది. కొన్నాళ్లకు మెక్సికో పక్షి కూడా వచ్చేసరికి జనం రెంటినీ కలగలిపేశారు, ఆ పేరు కొత్త పక్షికి స్థిరపడిపోయింది. అమెరికా పక్షి కూడా ఆ వర్తకుల చేతుల మీదుగానే ఇంగ్లండుకు వచ్చినందువల్ల ఆ పేరు పడిందని మరో వాదన ఉంది. నాకు మొదటిదే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే పండితులు సైతం ఆ గందరగోళం నుంచి తప్పించుకోలేదు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ అమెరికా పక్షికి పెట్టిన శాస్త్రీయ నామం ‘మెలియాగ్రిస్ గాలోపావో’. ఇందులో మెలియాగ్రిస్ అంటే గ్రీకులో గిన్నీ కోడి. గాలోపావో అంటే కోడి, నెమలి కలిసిన మాట. అంటే పేరులో మూడు పక్షులున్నాయి, అసలు పక్షి మాత్రం లేదు.

పుట్టిన చోటును కాక, తెచ్చిన చేతిని బట్టి పేరు పెట్టడం వర్తకం నడిచిన ప్రతి చోటా ఉన్న అలవాటే. మెక్సికోలోనే పుట్టిన మొక్కజొన్నను ఇటాలియన్లు ‘గ్రాన్‌తుర్కో’, అంటే తుర్కుల ధాన్యం అన్నారు. ఇరాన్‌లోని నిషాపూర్ గనుల్లో దొరికే ఫిరోజా రాయి తుర్కుల దేశం మీదుగా రావడం వల్ల ఫ్రెంచివారికి ‘టర్కాయిజ్’ అయింది. మనం వేరేగా చేశామా? అదే మెక్సికో ప్రాంతం నుంచి వచ్చిన ఒక ముళ్ల చెట్టు కాయలు చింతకాయల్లా ఉన్నాయని, సముద్రం అవతలి సీమ నుంచి వచ్చాయని, దాన్ని సీమచింత అన్నాం. తోటివారి తప్పు పట్టడానికి ముందు మన పెరటి చెట్టును గుర్తు చేసుకోవడం మంచిదని దీన్ని ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి నిలిపిన విషయం, తుర్కీ భాషలో ఈ పక్షికి ఉన్న పేరు. అది ‘హిందీ’, అంటే హిందూదేశపుది. కొలంబస్ చేరిన నేలను ఐరోపా చాలాకాలం ‘ఇండీస్’ అనే అనుకోవడం వల్ల ఆ పొరపాటు పక్షి నెత్తిన పడింది. ఫ్రెంచివారి ‘దాండ్’ అనే మాట ‘ఇండియా కోడి’ అన్న పాత పదబంధానికి కుదింపు. పోలిష్‌లో ఇది ‘ఇందిక్’, రష్యన్‌లో ‘ఇందేయ్కా’. డచ్చివారు ఏకంగా కాలికట్ రేవు పేరుతో ‘కాల్కూన్’ అన్నారు. పోర్చుగీసువారికి అది ‘పెరు’. ఆ దేశం నుంచీ అది రాలేదు. ఈజిప్టు అరబ్బీలో ‘రూమీ కోడి’, అంటే రోమన్ల కోడి, మలయ్ భాషలో ‘డచ్చి కోడి’. ఇన్ని జాతులు ఒకరి మీద ఒకరు వేసుకున్న ఈ పేర్లలో, దాన్ని పెంచి పోషించిన మెక్సికో ప్రజల ఊసు ఒక్కదానిలోనూ లేదు. పేరు విషయంలో నిజంగా నష్టపోయినవారు ఎవరైనా ఉంటే అది వారే.

ఇండియా పేరు మోస్తున్న ఆ పక్షి ఇండియాలో మాత్రం అపురూప వస్తువుగానే అడుగుపెట్టింది. 1612లో మొగల్ చక్రవర్తి జహంగీర్ కొలువులోని ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింత జంతువుల్లో ఇదీ ఉంది. జహంగీర్ తన ఆత్మకథలో దాన్ని ఎంతో శ్రద్ధగా వర్ణించాడు: మదించినప్పుడు నెమలిలా ఈకలు విప్పి ఆడుతుందని, తలా మెడా క్షణానికో రంగు మారి ఒకసారి పగడంలా, ఒకసారి పత్తిలా, మరోసారి ఫిరోజా రాయిలా కనిపిస్తాయని రాశాడు. చూసిన ఆశ్చర్యాన్ని విన్నవారికీ కలిగించాలని చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. మన్సూర్ గీసినదిగా భావిస్తున్న చిత్రం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

తుర్కియే ప్రభుత్వాన్ని బాధించిన అర్థాలు వీటన్నిటికన్నా చాలా కొత్తవి. 1784లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన కూతురికి రాసిన ఉత్తరంలో ఈ పక్షిని బట్టతల గద్ద కన్నా గౌరవనీయమైనదిగా, అమెరికా సొంత పక్షిగా మెచ్చుకున్నాడు. అప్పటికి తిట్టు లేదు. అమెరికా నాటకరంగంలో చతికిలబడిన ప్రదర్శనను ‘టర్కీ’ అనడం 1920ల నాటి వాడుక. తెలివితక్కువవాడు అన్న అర్థం ఇంకా తరువాత వచ్చింది. మత్తుమందును ఒక్కసారిగా మానేయడాన్ని ‘కోల్డ్ టర్కీ’ అంటారు, బౌలింగ్ ఆటలో వరుసగా మూడుసార్లు అన్ని పిన్నులూ పడగొడితే అదీ ‘టర్కీ’యే. ఈ అర్థాలన్నీ పక్షి నుంచి పుట్టాయి తప్ప, తుర్కులకు వీటితో సంబంధం లేదు.

పరాయివారు పెట్టిన పేరును మోయడం తెలుగువారికీ కొత్త కాదు. పోర్చుగీసువారి ‘జెంతియో’ అన్న మాట, అంటే అన్యమతస్థుడు, ఇంగ్లిష్‌వారి నోట ‘జెంటూ’ అయి, మద్రాసు ప్రాంతంలో మన భాషకే పేరుగా స్థిరపడింది. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణం శీర్షికలోనే ‘జెంటూ అని సాధారణంగా పిలిచే తెలుగు భాష’ అని ఉంది. ఆ మాట తరువాత ఒక పక్షికీ చేరింది. అంటార్కిటికా, ఫాక్‌లాండ్ దీవుల్లో ఉండే జెంటూ పెంగ్విన్‌కు, నెత్తి మీది తెల్లని పట్టీ జెంటూల తలపాగాలా కనిపించడం వల్ల, ఈ పేరు వచ్చి ఉంటుందని ఒక వివరణ. దాని శాస్త్రీయ నామంలో ‘పాపువా’ అని ఉంటుంది. పాపువాలో పెంగ్విన్‌లే లేవు. జెంటూ అన్న పేరు మన భాషను వదిలిపోయింది కాబట్టి ఇప్పుడు మనకు ఆ బాధ లేదు. తుర్కియేకు ఆ అదృష్టం ఇంకా పూర్తిగా దక్కలేదు.

2023 జనవరిలో అమెరికా విదేశాంగ శాఖ కూడా కొత్త రూపాన్ని స్వీకరించింది. తెలుగులో ఎక్కువమంది ఇప్పటికీ టర్కీ అనే రాస్తున్నారు. నిజానికి మనకు ‘తురుష్క’ అన్న మాట, ఇంగ్లిష్‌వారు రాకముందే, శాసనాల్లో ఉంది. కాకతీయుల పతనాన్ని చెప్పే విలస తామ్రశాసనం వాడింది ఆ మాటనే. ఇంగ్లిష్ రాతలో (Türkiye) ‘యు’ అక్షరం నెత్తిన రెండు చుక్కలు పెట్టడానికి కీబోర్డులో వెతుక్కోవాలి. మన లిపికి ఆ ఇబ్బంది లేదు. తుర్కియే అని రాయడానికి మూడు అక్షరాలు చాలు. కోళ్ల ఫారాల్లో టర్కీ కోడి అన్న మాట ఎలాగూ ఉంటుంది, దాన్ని మార్చమని అంకారా అడగలేదు. అక్కడ కొత్త సంవత్సరం విందులో వడ్డించే ఆ పక్షిని వారూ ఇప్పటికీ ‘హిందీ’ అనే పిలుస్తున్నారు.