వేట లైసెన్సు గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

వేటకు లైసెన్సు ఎక్కడ ఇస్తారని అడిగారు. ఎక్కడా ఇవ్వరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట పెద్ద వేటకు, చిన్న వేటకు, వల పన్నడానికి వేర్వేరు లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో అవి పోయాయి. కొందరి ఇళ్లల్లో తుపాకి లైసెన్సు ఉంటుంది. అది ఆయుధం ఉంచుకోవడానికే. ఆ తుపాకితో కుందేలును కొట్టినా కేసే.

చంపితేనే వేట అనుకోకండి. ఉచ్చు బిగించడం, విషం పెట్టడం, ఎర వేయడం, అడవి పిట్టల గుడ్లు తీయడం, ఆఖరికి వీటికి ప్రయత్నించడం కూడా చట్టం ప్రకారం వేటే. అలుగు (ఒంటి నిండా పొలుసులుండే జంతువు), ఉడుము, నెమలి, కృష్ణజింక చట్టంలోని మొదటి షెడ్యూలువి, అంటే మొదటి జాబితావి. వాటి జోలికి పోతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. కుందేలు, అడవి పంది రెండో షెడ్యూలువి. వాటికి మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అదే కుందేలును ఏటూరునాగారం, పాఖాల అభయారణ్యాల్లో కొడితే మొదటి షెడ్యూలు శిక్షే పడుతుంది. ఇంట్లో మాంసం దొరికితే, అది తప్పు దారిన రాలేదని రుజువు చేసుకోవాల్సింది మీరే.

మరి మక్క చేను పందుల పాలైతే? దీనికి దారి ఉంది. సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఎంత పోయింది రాసి, ఫొటోలు జతచేసి అటవీ రేంజి ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. రాతపూర్వక అనుమతి వచ్చాకే, అందులో చెప్పినట్టే కాల్చాలి. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి, కూర వండుకోవడానికి కాదు.

అన్నిటికన్నా నాకు భయం చేనుకు కట్టే కరెంటు తీగ. సోలార్ కంచె సెకనుకు ఒక్కసారి చిన్న దెబ్బ కొట్టి వదిలేస్తుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది. స్తంభం నుంచి నేరుగా గుంజిన కరెంటు అట్లా వదలదు. కండరాలు బిగుసుకుపోతాయి, పట్టుకున్న చెయ్యి ఊడిరాదు. వానాకాలం తడి నేలలో చెప్పుల్లేని కాళ్లతో నడిచే మనిషి, మేతకొచ్చిన ఆవు, దారి తప్పిన పులి, ఏది తగిలినా అంతే. ఈ కరెంటు తీగకు ఏ అనుమతీ లేదు, ఎవరూ ఇవ్వలేరు.

అట్లాంటి తీగ కనిపిస్తే ముట్టకండి, కట్టెతోనూ జరపకండి. దూరంగా నిలబడి, వచ్చేవాళ్లను ఆపండి. ముందు లైన్‌మన్‌కు ఫోన్ చేసి సరఫరా ఆపించండి, ఆ తర్వాత అటవీ శాఖ బీటు ఆఫీసరుకు చెప్పండి.

మీ తాత,
హన్మకొండ