తూకం చీటీ వెనక జాతకం

అమ్ములూ, చిన్నా,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. అమ్ములు పదిహేను రోజులుగా రాత్రిళ్ళు అన్నం మానేసి మజ్జిగ తాగి పడుకుంటోందట. అడిగితే ఆకలి లేదంటోందట. తొమ్మిదో తరగతి పిల్లకి ఆకలి లేకపోవడమేమిటి! చిన్నాగాడేమో జిమ్‌లో ఎవరో చెప్పారని ప్రొటీన్ పొడి డబ్బా కొనమని పేచీ. ఫోన్లో చెబితే సగం వినరని ఇలా రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. డ్రిల్లు మాస్టారుగా ఉన్న రోజుల్లో పిల్లల ఎత్తూ బరువూ రిజిస్టర్లో ఎక్కించే పని నాదే. వరండాలో తూకం మిషన్ పెట్టి, ముల్లు చూసి గట్టిగా చదివేవాణ్ణి. రాసుకునే కుర్రాడు ఆ చివర కూర్చునేవాడు మరి. ఒకసారి ఓ ఆడపిల్ల ఎక్కగానే వెనకనుంచి ఎవడో "మిషన్ విరిగిపోద్ది సార్" అన్నాడు. లైనంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని క్లాసులోకి పరిగెత్తింది. మరుసటేడు తూకం రోజున బడికే రాలేదు. ఎందుకు రాలేదో నాకు చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు.

అప్పట్లో రైల్వే స్టేషన్లలో రంగురంగుల లైట్ల మిషన్ ఉండేది. బిళ్ళ వేస్తే అట్టముక్క పడేది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. ఇప్పుడు మీరు బరువునే జాతకంగా చదువుకుంటున్నారు.

మీ వయసులో ఒళ్ళు మారుతుంది. ఆడపిల్లలకు పెద్దమనిషి అయ్యే రోజుల్లో నడుముకీ తొడలకీ కాస్త కొవ్వు చేరడం ఎదగడంలో భాగం. మగపిల్లలు ముందు నిలువునా సాగుతారు, కండ ఆ తర్వాత పడుతుంది. కాబట్టి చిన్నా, డబ్బా అవసరం లేదు, కాస్త ఓపిక పట్టు. ఇక నెట్‌లో ఎత్తూ బరువూ కొట్టి, ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసుకునే బీఎంఐ లెక్క సంగతి. ఆ లెక్కకు మూలం 19వ శతాబ్దంలో బెల్జియం పండితుడు క్వెట్లే సగటు మనిషి కోసం కట్టినది. పెద్దవాళ్ళ హద్దులు మీకు పనికిరావు. పిల్లలకు వయసునీ, ఆడా మగా తేడానీ బట్టి డాక్టర్లు వేరే చార్టు చూస్తారు.

అమ్ములూ, ఇది నీకోసం. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకులు తమంతట తామే ఒక ప్రయోగానికి ఒప్పుకున్నారు. ఆరు నెలలు అరకొర తిండి. అందరూ ఆరోగ్యవంతులే, మనసు దిటవున్నవాళ్ళే. అయినా కొన్ని వారాలకే చిరాకు, దిగులు, ఒంటరితనం. ఎంతసేపూ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పోగేసుకుని చదివేవాళ్ళు, కంచాలు నాకేవాళ్ళు. వాళ్ళకేమీ పిచ్చి పట్టలేదు. ఆకలి అలా చేసింది.

చదువు తలకెక్కడం లేదనీ, తమ్ముడి మీద ఊరికే విసుక్కుంటున్నాననీ నువ్వే అమ్మతో అన్నావట. అది నీ గుణం అనుకోకు. కడుపు ఖాళీగా ఉంటే మనసూ అలాగే ఉంటుంది.

బరువెక్కువైతే జబ్బులు రావా తాతయ్యా అంటావు. వస్తాయి. అది డాక్టర్ చూసి చెప్పాలి. అప్పుడైనా ఇంటిల్లిపాదీ తినే తిండి మార్చుకోవాలి, ఆడుకోవాలి, వేళకు పడుకోవాలి. ఎదిగే పిల్ల ఒక్కతే పూటలు మానడం వైద్యం కాదు.

ఒక్కటి మాత్రం దాచకండి. తిన్నది కక్కాలనిపించినా, కళ్ళు తిరిగినా, నెలసరి ఆగినా, బతకాలని లేదనిపించినా వెంటనే అమ్మతో చెప్పండి. నాతో చెప్పినా సరే, అర్ధరాత్రి అయినా ఫోన్ ఎత్తుతాను. ఇంట్లోవాళ్ళతో అనలేకపోతే 14416కి ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వం వాళ్ళ ఫోన్ సాయం, టెలీ మానస్. డబ్బులు అడగరు, తెలుగులోనే మాట్లాడతారు.

సంక్రాంతికి వస్తారుగా. గుమ్మంలో కాలు పెట్టగానే "ఏమిటే ఇలా చిక్కిపోయావు, ఏమిట్రా ఇలా ఒళ్ళు చేశావు" అనొద్దని మీ అమ్మమ్మకు గట్టిగా చెప్పాను. "మరేమనాలి?" అంది. నాకూ వెంటనే ఏమీ తోచలేదు. చివరికి "కాళ్ళు కడుక్కుని రండి" అనమన్నాను.

ఇట్లు,
మీ తాతయ్య