ఫ్రీజర్‌లో దొంగసాక్షి

ఐస్‌క్రీమ్ గట్టిపడకుండా జావలా ఉంటే అనుమానం ముందు కంప్రెసర్ మీదకి పోతుంది, తర్వాత గ్యాస్ మీదకి. మా ఇంట్లో అసలు దోషి పెసరగింజంత పూస.

దాని పేరు థర్మిస్టర్, లోపలి చలిని కొలిచే సెన్సర్. మాంగనీస్, నికెల్, కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడ్లతో చేస్తారు. రాగి తీగ వేడెక్కితే నిరోధం (కరెంటుకి అడ్డుపడే గుణం) పెరుగుతుంది. ఇది అందుకు తలకిందులు: చల్లబడేకొద్దీ పెరుగుతుంది. ఈ వింత గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించాడు. ఫ్రీజర్‌లో కంప్రెసర్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డుకి చలి అంటే ఏమిటో తెలీదు, ఈ నిరోధం ఒక్కటే తెలుసు. 25 డిగ్రీల దగ్గర నిరోధం 10 కిలో ఓములుండే రకమైతే సున్నా దగ్గర దాదాపు 33, మైనస్ 18 దగ్గర 90 పైచిలుకు చూపిస్తుంది.

వైరు పూర్తిగా తెగిపోతే ఒకరకంగా మేలే. బోర్డు అసాధ్యమైన అంకె చూసి ఎర్రర్ కోడ్ ఇస్తుంది. చిక్కంతా నమ్మదగిన అబద్ధంతోనే. పూతలోని సన్నటి పగుల్లోంచి చెమ్మ దూరి రెండు వైర్ల మధ్య దారి ఇస్తే నిరోధం తగ్గినట్టు కనిపిస్తుంది. లోపల వేడిగా ఉందనుకుని కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. అతుకు చిలుము పడితే నిరోధం పెరుగుతుంది. ఇంకేం, చల్లగానే ఉందని కంప్రెసర్ పడుకుంటుంది.

నిజం తేల్చడానికి మంచునీళ్లకి మించిన సాక్షి లేదు. గ్లాసు నిండా దంచిన ఐసు, తడిసేన్ని నీళ్లు. కలుపుతూ ఉంటే సున్నా దగ్గరే నిలుస్తుంది. సెన్సర్ కనెక్టర్ ఊడదీసి పూసను అందులో ముంచి, మల్టీమీటర్‌ను 200 కిలో ఓముల మీద పెట్టాను. అంకె 20 దాటింది, 40 దాటింది, 70 దగ్గర ఆగింది. ఉండాల్సింది 33! మంచునీళ్లలో కూర్చుని మైనస్ 13 అని సాక్ష్యం చెబుతోందన్నమాట. (మీటరు మొనల్ని రెండు చేతులతో పట్టుకోకండి, మన ఒంటి నిరోధం కూడా లెక్కలో కలిసిపోతుంది.)

మార్చేముందు ప్లగ్ తీసేసి, గడ్డకట్టిన మంచును దానంతట అదే కరగనివ్వాలి. చాకుతో పొడిస్తే గొట్టం చిల్లుపడొచ్చు. ఇప్పటి ఫ్రీజర్లు చాలావాటిలో ఆ గొట్టంలో ఉండే ఐసోబ్యూటేన్ మండే వాయువు.

రెండు వైర్లే కదా అని ఏది పడితే అది తేకూడదు. 10 కిలో ఓముల చోట అదే తరహా 5 కిలో ఓములది పెడితే, మైనస్ 18ని బోర్డు మైనస్ 6గా చదువుతుంది. లోపల మైనస్ 29 దాకా పోతే గానీ కంప్రెసర్ ఆగదు. వైర్లు అటూ ఇటూ మారినా ఫరవాలేదు. అతుకు మాత్రం మెలిపెట్టి టేపు చుట్టేది కాదు: టంకం వేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే బిగుసుకునేది) తొడగాలి. పూసను పాత క్లిప్పులోనే బిగించాలి.

కొత్తది అదే గ్లాసులో 33 చూపించింది. పాతదాని తొడుగును బ్లేడుతో చీల్చి చూస్తే, వైరు పూసను కలిసే చోట పచ్చటి చిలుము, ఆవగింజంత.